పులికి పడని రోజు

లాయ్ కియోసెంగ్‌కి ఇద్దరు తల్లులు. ఒకామె కన్నది. రెండో ఆమె వాగు మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పడుకుని ఉండేది. మా లోయ మాటలో కియో అంటే వంతెన, సెంగ్ అంటే పుట్టినవాడు. సంగతంతా పేరులోనే ఉంది. కన్నతల్లి పోయినప్పుడు అతను అందరు కొడుకుల్లాగే ఏడ్చి ఊరుకున్నాడు. వంతెన పోయినప్పుడు మాత్రం మనిషి మనిషిలా లేడు. ఆ వంతెన మళ్ళీ లేచిన రోజున అతనికి జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఎవరి మీదో తేల్చుకోలేను, అదీ నా బాధ.

జెజియాంగ్, ఫుజియాన్ రాష్ట్రాల సరిహద్దు కొండల్లో వంతెన అంటే నాలుగు దుంగలు పడేసి పైన పలకలు పరచడం కాదు. దాని మీద ఇల్లు ఉంటుంది. పెంకుల కప్పు, రెండు పక్కలా కూర్చోడానికి బల్లలు, వాన జల్లు కొట్టకుండా చెక్క గోడలు, నడిమధ్యన లిన్‌షుయ్ అమ్మవారి గూడు. పసిపిల్లల్ని కాచే తల్లి ఆవిడ. అందుకే మేం దాన్ని ఇంటివంతెన అంటాం.

కియోసెంగ్ పుట్టింది కరువు రోజుల్లో. తిండి లేక ఊళ్ళో కాన్పులే ఆగిపోయిన కాలం అది. వాళ్ళమ్మకి అంతకుముందే ఇద్దరు మగపిల్లలు దక్కకుండా పోయారు. మూడోవాడు పాలు తాగడు, ఏడవడానికైనా ఓపిక లేదు. ఇలాంటి బిడ్డని మా వైపు వంతెనకి దత్తత ఇచ్చేస్తారు. ఎందరి బరువో మోస్తున్న తల్లి, ఇంకొక గుప్పెడు ప్రాణాన్ని మోయలేదా అని ఆశ. ఇచ్చేటప్పుడు బిడ్డ పేరూ, పుట్టిన ఏడూ అమ్మవారికి వినబడేలా గట్టిగా చెప్పాలి. మాకు ఏడాదికొక జంతువు. ఎద్దు ఏడు వెళ్ళాక పులి ఏడు వస్తుంది. ఏ ఏట పుడితే ఆ జంతువు చచ్చేదాకా మనిషి వెంటే ఉంటుంది, పెళ్ళికైనా చావుకైనా పంచాంగంలో దాన్నే చూస్తారు. కొత్త ఏడు వచ్చిన కొద్ది రోజులకి వాళ్ళమ్మ బిడ్డని పాతగుడ్డలో చుట్టుకుని వచ్చి, అగరొత్తులు వెలిగించి, "వీడు కియోసెంగ్, పులి ఏట పుట్టాడు! ఇక నీ కొడుకు. బతికించినా నువ్వే, చంపినా నువ్వే" అని రెండు గట్లకీ వినబడేలా అరిచిందట. ఒక స్తంభానికి ఎర్రదారం కట్టి, వెనక్కి చూడకుండా ఇంటికి పోయింది.

పిల్లవాడు బతికాడు. బతికాడు సరే, ఊరు ఊరుకుంటుందా?

వాన పడితే చాలు, "ఒరే కియోసెంగ్, మీ అమ్మ తడిసిపోతోంది, గొడుగు పట్టరా" అనేవారు. ఎండాకాలం వాగు ఇంకిపోతే, "మీ అమ్మ కాళ్ళు కడుక్కుని ఎన్నాళ్ళైందిరా" అనేవారు. పెళ్ళీడు వచ్చినప్పుడు సంబంధాలు కుదిర్చే ముసలమ్మ తిరగని గడప లేదు. "అత్తగారు కదలదు మెదలదు, కోడల్ని పల్లెత్తు మాట అనదు, ఇంతకంటే మంచి ఇల్లు ఎక్కడ దొరుకుతుందమ్మా" అని చెప్పి చూసింది. ఆడపిల్లల తల్లులు నవ్వి, టీ పోసి పంపించేశారు. పులి ఏటివాడు, పైగా చావు తప్పి బతికినవాడు, ఎవరిస్తారు? అలా కియోసెంగ్ ఒంటిగాడుగానే మిగిలిపోయాడు.

అతను బుట్టలు అల్లేవాడు. అల్లడం ఇంట్లో కాదు, వంతెన మీద, అమ్మవారి గూడుకి ఎదురు బల్ల మీద. పొద్దున్నే వెదురు బద్దలు మోసుకొచ్చేవాడు, కింద వాగు చల్లదనం పైకి తన్నుతుంటే సాయంత్రం దాకా అల్లేవాడు. ఆ చివర అతని అక్క సైలియన్ సోయా జున్ను, అదే టోఫు, అమ్మేది. అక్క అంటే ఊరికి గుర్తొచ్చేది ఆమె నోరే. వంతెన మీద ఎవరు అడుగుపెట్టినా నడిమధ్యన కియోసెంగ్ కథకీ, ఆ చివర సైలియన్ తిట్లకీ దొరక్కుండా దాటడం కుదిరేది కాదు.

అతని కథ ఎప్పుడూ ఒకటే. పూర్వం ఇక్కడ ఇంకో వంతెన ఉండేది. ఏదో తిరుగుబాటులో సైనికులు దాన్ని తగలబెట్టి పోయారు. తర్వాత ఒక తరం జనం రాళ్ళ మీద కాళ్ళు వేసుకుంటూ దాటారు. ఒక వానాకాలం పల్లకీతో సహా పెళ్ళికూతురు కొట్టుకుపోయింది. అప్పుడు ఊరికి సిగ్గేసింది. ప్రతి పొయ్యి దగ్గరా వంట వండే ముందు ఒక పిడికెడు బియ్యం పక్కన పెట్టడం మొదలుపెట్టారు. ఆ పిడికిళ్ళతో వడ్రంగులకి అన్నం పెట్టి మళ్ళీ కట్టించారు. కప్పు నడినెత్తిన ఉండే వెన్నుదూలం మీద ఆ ఏడూ, మేస్త్రి పేరూ, బియ్యం ఇచ్చిన ఇళ్ళ పేర్లూ సిరాతో రాయించారు. కియోసెంగ్‌కి చదువు అంతంత మాత్రమే. అయినా తల పైకెత్తి ఆ రాత అంతా గడగడా అప్పజెప్పేవాడు.

"వాగులో ఒక్క స్తంభం లేదు చూడండి" అనేవాడు దారిన పోయేవాళ్ళతో. "నా బుట్ట ఎలా అల్లానో దుంగల్ని అలా అల్లారు. ఒకటి కిందికి, ఒకటి పైకి. ఇల్లు ఎందుకు కట్టారనుకున్నారు, మీరు కూర్చోడానికా? ఇల్లు పైన కూర్చుని నొక్కితేనే కింద దుంగలు ఒకదాన్నొకటి కరుచుకునేది. బరువే మా అమ్మకి బలం."

ఆ చివర నుంచి సైలియన్ కేక వేసేది. "బరువు సంగతి తర్వాత, టోఫు కొనమని చెప్పరా!"

కొన్నేళ్ళ క్రితం శరదృతువులో తుఫాను వచ్చింది. మాకు తుఫాన్లు కొత్తేం కాదు. కానీ ఆసారి పైకొండలో ఎక్కడో వాన ఒకేచోట కుమ్మరించింది. మిట్టమధ్యాహ్నం వాగు ఎర్రగా పొంగి వంతెన నడుం దాకా వచ్చింది. ఊరంతా గట్టు మీద నిలబడింది. ఎవరి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆడినా చేసేదేముంది? ముందు గోడ పలకలు ఊడాయి. తర్వాత వంతెన మొత్తం, కప్పుతో, బల్లలతో, అమ్మవారి గూడుతో సహా, కొంచెం పైకి లేచింది. లేచిందంటే అయిపోయినట్టే, బరువు పోయింది కదా. ఒక్కసారి పక్కకి తిరిగి, విరిగి, మలుపు దాటి వెళ్ళిపోయింది. కంటిరెప్ప వేసేంతలో అంతా ఖాళీ.

"అమ్మా!" అని కియోసెంగ్ పెట్టిన కేక నేను విన్నాను. ఇన్నాళ్ళూ ఆ మాట మీదే అతన్ని ఏడిపించినవాళ్ళం, ఒక్కరం నోరు మెదపలేదు. సైలియన్ తమ్ముడి చొక్కా వెనకనుంచి రెండు చేతులా పట్టుకుంది, దూకుతాడేమోనని.

నీళ్ళు తీశాక వెతుకులాట మొదలైంది. దిగువ ఊళ్ళ వాళ్ళు పొలాల్లో, ఇసుకలో దొరికిన దుంగలన్నీ ఒక్క ముక్క పొయ్యిలో పెట్టకుండా తిరిగి ఇచ్చారు. ఆ మంచితనానికి దణ్ణం పెట్టాలి. కియోసెంగ్ వాగు వెంట నడుచుకుంటూ పోయేవాడు, ఇసుకలో కర్రతో పొడుచుకుంటూ. చివరికి చాలా దిగువన, ఒక చిలగడదుంపల చేనులో, బురదలో పూడిపోయిన వెన్నుదూలం దొరికింది. చేతుల్తోనే బురద తీసి, తడిగుడ్డతో తుడిచాడు. సిరా రాత మసకేసింది కానీ పోలేదు. చేను యజమాని వచ్చి చూసేసరికి అతను దూలం పక్కన చతికిలబడి, పేర్లు పైకి చదువుతున్నాడట.

"నీకేమవుతుందయ్యా ఇది?" అని అడిగాడు ఆయన.

"మా అమ్మ వెన్నెముక" అన్నాడు కియోసెంగ్. ఆయన మారుమాటాడకుండా ట్రాక్టరు తెచ్చాడు.

వంతెన మళ్ళీ కట్టాలని తేలింది. పాత పద్ధతిలోనే, పాత కర్రలో పనికొచ్చిందల్లా వాడి. పక్క లోయనుంచి మేస్త్రి తావ్ వచ్చాడు. మాటలు తక్కువ మనిషి. వాళ్ళ వంశానికి వాళ్ళ ఆచారాలున్నాయి, అవి ఆ వేళకే బయటపెడతాడు. ముందే చెబితే పని చెడుతుందట. దుంగలు చాలావరకు కొత్తవి నరికారు. వెన్నుదూలాన్ని మాత్రం మేస్త్రి సుత్తితో కొట్టి, చెవి ఆనించి విని, "ఇది ఎక్కుతుంది" అన్నాడు. కియోసెంగ్ మొహం చూడాలి అప్పుడు. పెళ్ళి కుదిరినవాడికైనా అంత వెలుగు ఉండదు.

ఆ రోజునుంచి అతను బుట్టలు మానేశాడు. దూలాన్ని పైకి లాగడానికి వెదురు బద్దలతో తాడు అల్లడం మొదలుపెట్టాడు. "బజార్లో నైలాన్ తాడు దొరుకుతుంది బుట్టలాయనా" అని మేస్త్రి మనుషులు చెప్పినా వినలేదు. అరచేతులు చీరుకుపోయేలా అల్లాడు. అతనికున్న కోరిక ఒక్కటే. దూలం లేచేటప్పుడు కింద నిలబడాలి. తల్లి పోతుంటే గట్టు మీద నిలబడి చూశాడు, చేతకాలేదు. లేస్తుంటే కూడా చూడాలి. అది చూస్తే ఆ మధ్యాహ్నం తన కళ్ళలోంచి పోతుందని అతని ఆశ.

దూలం ఎక్కించే ముహూర్తం హూ పెద్దయ్య పెట్టాడు. ఊళ్ళో పంచాంగం చూసేది ఆయనే. చూసి చూసి వసంతంలో ఒక రోజు ఖాయం చేశాడు. ఆ కబురు చెప్పడానికి తనే కర్ర పట్టుకుని కియోసెంగ్ దగ్గరికి వచ్చాడు. అంతదూరం నడిచి వచ్చాడంటేనే అనుమానించాల్సింది.

"రోజు కుదిరిందిరా" అన్నాడు. "కోతి రోజు."

కియోసెంగ్ చేతిలో బద్ద ఆగిపోయింది. మా పంచాంగంలో రోజులకీ జంతువులుంటాయి. కోతి రోజు పులికి పడదు. ఆ సంగతి మా వైపు పాలుతాగే పిల్లకైనా తెలుసు. పడని ఏటివాడు ఆ పని జరిగేచోట ఉండకూడదు. ఉండకపోవడమే కాదు, ఆ రోజు పొద్దు వాలేదాకా అటు చూడకూడదు.

"ఇంకో రోజు చూడు పెద్దయ్యా."

"చూశానురా. ఇది దాటితే వానలు. కప్పు లేకుండా వానల్లో నిలబడితే అది మళ్ళీ లేచిపోతుంది, నువ్వే చెబుతావుగా బరువు సంగతి."

"పోనీ వెనకాల ఎక్కడైనా నిలబడతాను. చెట్టు చాటున."

"కియోసెంగ్" అన్నాడు పెద్దయ్య, మెత్తగా. ఆయన తిట్టినా బాగుండేది. "పైన పెళ్ళాం పిల్లలున్న పనివాళ్ళుంటారు. నీ చూపు పడి ఒకడు కాలు జారితే, ఆ తర్వాత నువ్వు ఆ వంతెన మీద కూర్చోగలవా?"

కియోసెంగ్ తల వంచుకుని మళ్ళీ తాడు అల్లుకున్నాడు. తను చూడకూడని పనికి తాడు అల్లడం ఎంత కష్టమో ఆ చేతులకే తెలియాలి.

ఆ సాయంత్రం పొద్దుండగానే సైలియన్ వచ్చింది. ఇప్పుడు వంతెన లేదు కాబట్టి తాత్కాలికంగా వేసిన బల్లకట్టు మీదనుంచి, దాన్ని తిట్టుకుంటూ వచ్చింది. తమ్ముడి ఎదురుగా కూలబడి, చాలాసేపు ఏమీ అనలేదు. సైలియన్ మాట్లాడకపోవడం ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

"నువ్వు పులివి కాదురా" అంది చివరికి.

"అక్కా, ఇవాళ వేళాకోళం వద్దు."

"వేళాకోళం కాదు. నువ్వు ఎద్దువి. పాత ఏడు పోకముందే పుట్టావు, నీ స్నానానికి నీళ్ళు కాచింది నేనే. నీ అన్నలిద్దరూ పోయాక జాతకాలు చెప్పేవాడు అమ్మతో అన్నాడు, ఈ కడుపున ఎద్దు పుడితే దక్కదని. అందుకని కొత్త ఏడు వచ్చేదాకా నిన్ను ధాన్యం గాదె వెనక దాచింది. నీకు ఏడ్చే ఓపిక లేకపోవడం కలిసొచ్చింది. ఆ తర్వాత ఇప్పుడే పుట్టాడని బయటికి తెచ్చింది. నిన్ను పట్టుకుపోవడానికి వచ్చేవాడు ఎద్దుని వెతుక్కుంటాడు, పులిని ముట్టుకోడు అని."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే చస్తావని నా చేత ఒట్టు వేయించుకుంది. ఇంత వయసొచ్చాక ఇక చస్తే చచ్చావులే అని ఇప్పుడు చెబుతున్నాను." నవ్వబోయి నవ్వలేకపోయింది.

కియోసెంగ్ దిగ్గున లేచాడు. "అయితే నేను నిలబడొచ్చు! ఎద్దుకి కోతి రోజుతో పేచీ లేదు. అక్కా, నేను నిలబడొచ్చు!"

అక్క తల దించుకుంది. అది చూశాక అతనికి మిగతాది తట్టింది. మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు. అమ్మవారి ముందు, అగరొత్తుల ముందు, అమ్మ అరిచి చెప్పింది పులి అని. వంతెన దత్తత తీసుకున్నది పులి ఏట పుట్టిన కొడుకుని. మరి తనెవరు? ఇన్నేళ్ళూ ఎవరికో దక్కాల్సిన నీడలో కూర్చున్నాడా? ఇంకో ఆలోచన కూడా వచ్చింది. అది రాకుండా ఉంటే బాగుండేది.

"అక్కా" అన్నాడు. "వాగు మీది అమ్మకి ఆ అబద్ధం తెలిసిపోయే పడిపోయిందంటావా?"

"నోరు ముయ్యి. వాన వచ్చింది, పడింది" అంది సైలియన్. కానీ ఆమె గొంతులోనూ నమ్మకం లేదు. ఆ ప్రశ్న తుఫాను రోజునుంచీ ఆమెని తింటూనే ఉందని నాకు తర్వాత చెప్పింది.

మర్నాడు పొద్దున అతను హూ పెద్దయ్య ఇంటికి వెళ్ళాడు. చెప్పేద్దామనే వెళ్ళాడు. పెద్దయ్య గంజి తాగుతున్నాడు.

"పెద్దయ్యా, ఒకవేళ నేను పులిని కాకపోతే?"

"పులివి కాకపోతే పిల్లివా?" పెద్దయ్య పకపకా నవ్వాడు. ఊరగాయ ముద్దొకటి గిన్నెలో వేసుకున్నాడు. "ఒరే, మీ అమ్మ అరిచినప్పుడు నేను ఈ గట్టున ఉన్నాను. గొంతు ఇంకా చెవిలోనే ఉంది. మేమంతా సాక్షులం. ఆ చోట నిలబడి అబద్ధమాడే తల్లి ఈ భూమ్మీద ఉంటుందా? మనసుకి కష్టంగా ఉండి ఏదేదో అనిపిస్తుంది. కూర్చో, గంజి తాగు."

కియోసెంగ్ కూర్చున్నాడు. గంజి తాగాడు. చనిపోయిన తల్లిని అబద్ధాలకోరుని చెయ్యాలి, లేదా తను పులిగానే ఉండాలి. చెప్పి, అక్కడ నిలబడ్డాక పైనుంచి ఎవరైనా జారితే, ఇక ఆ నింద తల్లికే అంటుకుంటుంది. గిన్నె కడిగి బోర్లించి ఇంటికి వచ్చేశాడు.

దూలం ఎక్కించే రోజున ఊరంతా వాగు దగ్గరికి దిగితే, అతనొక్కడే ఎదురు కొండెక్కాడు. వెదురు తోపు దాటి, వాగు కనబడని వైపుకి తిరిగి, ఒక బండ మీద కూర్చున్నాడు. కళ్ళకి కనబడకపోయినా చెవులు మూసుకోమని పంచాంగం చెప్పదు కదా. డప్పులు వినబడ్డాయి. కోడిని కోసినప్పుడు జనం చేసిన సందడి వినబడింది. మేస్త్రి తావ్ గొంతెత్తి మంత్రంలా ఏదో పాడితే, కింద అందరూ "హో!" అన్నారు. పెదవులు కదపకుండా కియోసెంగ్ కూడా "హో" అన్నాడు. టపాసులు మొదలయ్యాయి.

ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయాయి.

కియోసెంగ్ చెవులు రిక్కించాడు. దూలం జారిందా? మనిషి పడ్డాడా? లేచి నిలబడ్డాడు. తిరగబోయి, తిరగలేక, వెదురుబొంగు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పులినా ఎద్దునా అన్నది ఆ క్షణాన అతనికే తెలియలేదు. ఒకవేళ ఇన్నేళ్ళు పులిలా బతికినందుకు నిజంగానే పులి అయిపోయాడేమో, తన చూపు నిజంగానే చంపుతుందేమో. తిరగలేదు. చాలాసేపటికి మళ్ళీ డప్పు మోగింది, "హో!" అని పెద్ద కేక, తర్వాత ఆగకుండా టపాసులు. కియోసెంగ్ మళ్ళీ బండ మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటాక సైలియన్ వగరుస్తూ కొండెక్కి వచ్చింది. ఏప్రాన్ జేబులో రెండు తియ్యటి బియ్యపు పిండి రొట్టెలు దాచి తెచ్చింది. దూలం ఎక్కాక మేస్త్రి పైనుంచి జనం మీదికి విసిరేవి అవే. అవి దొరికితే అదృష్టం అంటారు.

"ఎక్కిందా?"

"ఎక్కింది. తిన్నగా కూర్చుంది."

"మధ్యలో ఎందుకు ఆగిపోయింది? ఎవరికైనా ఏమైనా అయిందా?"

"ఎవరికీ ఏమీ కాలేదు. తినరా ముందు."

"ఎందుకు ఆగిందక్కా?"

సైలియన్ అటూ ఇటూ చూసింది. రొట్టె మీద దుమ్ము లేకపోయినా దులిపింది. ఆమెకి అబద్ధం చెప్పడం చేతకాదు, ఒక్క అబద్ధం మోయడంతోనే ఆ శక్తి అయిపోయింది.

"మేస్త్రి వంశం ఆచారమట" అంది. "దూలానికి మొదటి తాడు ఎద్దు ఏట పుట్టినవాడే లాగాలట. బరువు లాగేది ఎద్దు కదా అన్నాడు. ‘ఈ ఊరి మనిషై ఉండాలి, ఎద్దు ఏటివాడు ముందుకి రండి’ అని పైనుంచి అరిచాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉన్న ముసలివాళ్ళు పోయారు, పడుచువాళ్ళు పట్నాల్లో ఉన్నారు, నీతోటివాళ్ళు ఆ కరువులో పుట్టనే లేదు. మేస్త్రి మళ్ళీ అరిచాడు. మూడోసారి కూడా అరిచాడు. అప్పుడే డప్పు ఆగింది."

కియోసెంగ్ తన అరచేతుల మీది తాడు గాట్లు చూసుకున్నాడు.

"నేను అక్కడే ఉన్నానురా. హూ పెద్దయ్య పక్కనే ఉన్నాను. నోటిదాకా వచ్చింది. ఊరందరినీ తిట్టే నోరు, ఆ ఒక్క మాట రాలేదు." ఆమె మొహం ఏప్రాన్‌లో దాచుకుని ఏడ్చింది. "ఆఖరికి దిగువ ఊరినుంచి చూడ్డానికి వచ్చినవాడెవడో ఎద్దువాడు దొరికితే, వాడిచేత లాగించారు."

కింద ఇంకా ఎవరో మిగిలిన టపాసులు కాలుస్తున్నారు. కియోసెంగ్ రొట్టె అందుకుని చిన్నముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు.

"బాగానే లాగాడా?"

"లాగాడు. అలవాటు లేదు పాపం, చేతుల్లో జారింది కాసేపు."

"తాడు తెగలేదుగా?"

"లేదు."

అతను తల ఊపాడు. సైలియన్ కళ్ళు తుడుచుకుని లేచింది. "రా పోదాం. పోనీ ఇక్కడినుంచైనా వెనక్కి తిరిగి చూడరా, ఆ తోపు మొదట్లో నిలబడితే కనబడుతుంది. ఎవరూ చూడట్లేదు."

కియోసెంగ్ ఆకాశం వైపు చూశాడు. పొద్దు ఇంకా వాలలేదు. పొద్దు వాలేదాకా పులి ఏటివాళ్ళు చూడకూడదు.

"నువ్వు పద అక్కా" అని, వీపు అటు తిప్పుకునే కూర్చున్నాడు.